నిర్మల్ చిత్రఫలకాలు: పింగాణీని తలపించే కొయ్య పనితనం

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాకు పేరు తెచ్చిన కళారూపాలలో నిర్మల్ చిత్రఫలకాలు ప్రధానమైనవి. నల్లని నేపథ్యంపై వనసీమలు, జింకలు, పక్షులు, పల్లె పడుచులు బంగారు ఛాయలో మెరిసే ఈ ఫలకాలు చేతితో చిత్రించిన పాత పింగాణీ పలకలను తలపిస్తాయి. అయితే ఇవి కొయ్యపై వేసినవి. ఈ భేదం తెలియక శుభ్రపరచబోతే పాత ఫలకం చేజేతులా పాడవుతుంది.

పింగాణీపై లోహ ఖనిజాల రంగులు అద్ది మరల బట్టీలో కాలుస్తారు. రంగు పైపూతలో కరిగి కలిసిపోతుంది కనుక తడిబట్టతో తుడిచినా చెదరదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఐరోపా పింగాణీ సేకరణలో ఆ పనితనాన్ని చూడవచ్చు. నిర్మల్ ఫలకానికి నిప్పుతో పనిలేదు. పలకను నునుపుచేసి, ముదురు రంగు పూసి, సుద్దపొడితో రేఖలు దించి, కుంచెతో రంగులు నింపి, చివర వార్నిష్ పూస్తారు. మెరుపంతా ఆ పూతలదే. బంగారు ఛాయ కూడా అసలు బంగారం కాదు. పూర్వం మూలికల పసరుతో, ఖనిజాలతో రంగులు సిద్ధం చేసుకునేవారు. తరువాతి కాలంలో డ్యూకో రంగులు వచ్చాయి.

17వ శతాబ్దంలో నిమ్మనాయుడు నకాషీ కళాకారులను చేరదీశాడని ప్రతీతి. నిజాం ప్రభుత్వంలో 1937 నుంచి 1941 వరకు ప్రధానిగా ఉన్న సర్ అక్బర్ హైదరీ సతీమణి లేడీ హైదరీ ప్రోత్సాహంతో ఈ కళ హైదరాబాద్ చేరింది. నిర్మల్ పట్టణం 2016 అక్టోబరు 11 నుంచి ప్రత్యేక జిల్లా కేంద్రం.

పత్రికలలో తరచుగా దొర్లే పొరపాటు మరొకటి ఉంది. తేలికైన పొణికి కర్ర బొమ్మలకు వాడేది. చిత్రాలకు పూర్వం టేకు వంటి గట్టి పలకలు, ఇప్పుడు ఎక్కువగా ప్లైవుడ్, హార్డ్‌బోర్డు వాడుతున్నారు. పొణికి చెట్ల కొరత బొమ్మల తయారీదారుల జీవనసమస్య. దానిని చిత్రకారులకు అంటగట్టి రాస్తే అసలు బాధితుల గోడు మరుగునపడుతుంది. నిర్మల్ బొమ్మలకు, చిత్రాలకు భౌగోళిక గుర్తింపు సైతం వేర్వేరుగానే లభించింది.

పాత ఫలకాలున్న కార్యాలయాలు వాటిని ఎండకు, చెమ్మ గోడలకు దూరంగా ఉంచాలి. పొడి మెత్తని బట్టతో దుమ్ము దులిపితే చాలు. సబ్బునీరు, స్పిరిట్, కిరోసిన్ తగలరాదు. పూత పొలుసులుగా లేస్తుంటే తుడవడం కూడా మాని, పని తెలిసిన నకాషీ చేతికి అప్పగించాలి. కొత్త వార్నిష్ మీద మీద పూయించడం మరమ్మతు కాదు.