మోడెం మొరాయిస్తే.. కొత్తది కొనేముందు!

అమీర్‌పేట: మైత్రీవనం పరిసరాల్లోని సాఫ్ట్‌వేర్‌ శిక్షణ కేంద్రాలు, ఎస్సార్‌నగర్‌, ఎల్లారెడ్డిగూడ వసతి గృహాలు, పంజాగుట్ట అపార్ట్‌మెంట్లు.. ఇక్కడ అంతర్జాలం అరగంట ఆగితే ఆన్‌లైన్‌ పరీక్షో, ఇంటర్వ్యూనో చేజారిపోయే పరిస్థితి. రాత్రి బాగానే ఉన్న కేబుల్‌ మోడెంలో తెల్లవారేసరికి ‘ఆన్‌లైన్‌’ దీపం వెలగక, మిగిలినవి మిణుకుమిణుకుమంటుంటే కంగారు సహజమే. ఆ కంగారులో ‘ఫర్మ్‌వేర్‌ పోయింది, పెట్టె మార్చాలి’ అని ఎవరన్నా నమ్మేస్తారు. నిజానికి చాలా సందర్భాల్లో ఫర్మ్‌వేర్‌ ఎక్కడికీ పోదు.

మోడెంలోని చిప్‌లో నిక్షిప్తమై దానిని నడిపించే సాఫ్ట్‌వేరే ఫర్మ్‌వేర్‌. కేబుల్‌ మోడెంలు డాక్సిస్‌ అనే ప్రమాణాన్ని అనుసరించి పనిచేస్తాయి. అమెరికాకు చెందిన కేబుల్‌ల్యాబ్స్‌ సంస్థ 1997లో దీని తొలి రూపాన్ని వెలువరించింది. దీని ప్రకారం కొత్త ఫర్మ్‌వేర్‌ను పంపే అధికారం ఆపరేటర్‌దే తప్ప వినియోగదారుడిది కాదు. స్విచ్‌ వేయగానే మోడెం కేబుల్‌లో సంకేతాన్ని వెతికి పట్టుకుంటుంది. ఆపరేటర్‌ సర్వర్‌ నుంచి చిరునామాను, ఆపై ఒక కాన్ఫిగరేషన్‌ ఫైలును తీసుకుంటుంది. కొత్త ఫర్మ్‌వేర్‌ పేరు ఆ ఫైలులో ఉంటే దానిని దించుకుని, డిజిటల్‌ సంతకాన్ని సరిచూసుకున్న తరువాతే అంగీకరిస్తుంది. బదిలీ ఏ కారణంతో ఆగినా, మధ్యలో కరెంటు పోయినా, ఇంట్లో ఎవరూ చేయి పెట్టనవసరం లేకుండానే మళ్లీ స్వీకరించగలిగే స్థితిలో మోడెం ఉండి తీరాలన్నది నిబంధన.

లోపం తీగలోనే ఎక్కువ

మరి అప్‌డేట్‌ ఎందుకు విఫలమవుతుంది? ముందుగా అనుమానించవలసింది బలహీనమైన సంకేతాన్నే. టీవీకి, మోడెంకు కలిపి పెట్టిన స్ప్లిటర్‌, వదులైన కనెక్టర్‌, వాననీరు చేరిన అతుకు.. వీటిలో ఏ ఒక్కటి చాలు. రెండు దారుల స్ప్లిటర్‌ ఒక్కటే సుమారు 3.5 డెసిబెళ్ల బలాన్ని హరిస్తుంది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి విద్యుత్తు ప్రసరించి అయిదుగురు మరణించిన తరువాత, నగరంలోని విద్యుత్‌ స్తంభాలపై వేలాడుతున్న కేబుళ్లను అధికారులు తొలగించారు. అనేక ప్రాంతాల్లో అంతర్జాలం నిలిచిపోయింది. అలా తెగిన తీగను తిరిగి అతికినచోట అతుకు సరిగా లేకుంటే మోడెం తడబడుతూనే ఉంటుంది. అది ఫర్మ్‌వేర్‌ దోషంలాగే కనిపిస్తుంది!

తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మోడెంకు కలిపిన కంప్యూటర్‌ బ్రౌజర్‌లో 192.168.100.1 అని కొడితే చాలా మోడెంలలో వివరాల పుట తెరుచుకుంటుంది. అందులో డౌన్‌స్ట్రీమ్‌ పవర్‌ మైనస్‌ 7 నుంచి ప్లస్‌ 7 మధ్య ఉంటే మేలు. అప్‌స్ట్రీమ్‌ పవర్‌ 50 దాటితే మోడెం గొంతు చించుకుని అరుస్తోందన్నమాట, తీగలో ఎక్కడో అడ్డంకి ఉంది. అదే పుటలోని లాగ్‌లో టీ3, టీ4 టైమవుట్లు వరుసగా కనిపించినా సంకేతాన్నే శంకించాలి. ‘అప్‌గ్రేడ్‌ ఫెయిల్డ్‌’ పక్కన ‘సర్వర్‌ నాట్‌ ప్రెజెంట్‌’ అనో, ‘ఫైల్‌ నాట్‌ ప్రెజెంట్‌’ అనో ఉంటే తప్పు ఆపరేటర్‌ వైపుది. ఆ తెర ఫొటో తీసి ఉంచుకోవడం మంచిది.

దీపాలు మిణుకుమంటున్నప్పుడు మాటిమాటికీ స్విచ్‌ ఆపి వేయడం తగదు. అరగంట వదిలేయాలి. అప్పటికీ కోలుకోకుంటే కరెంటు తీసి రెండు నిమిషాలాగి, స్ప్లిటర్‌ను తప్పించి కేబుల్‌ను నేరుగా మోడెంకు బిగించి చూడాలి. వెనుకనున్న రీసెట్‌ రంధ్రంలో పిన్నుతో పొడవడం చాలామందికి అలవాటు. దానివల్ల పాత ఫర్మ్‌వేర్‌ తిరిగి రాదు సరికదా, మోడెంలోనే వైఫై ఉన్నట్లయితే దాని పేరు, పాస్‌వర్డ్‌ చెరిగిపోతాయి.

రౌటర్‌ సంగతి వేరు

మోడెంకు ఆనుకుని విడిగా రౌటర్‌ ఉంటే దాని ఫర్మ్‌వేర్‌ బాధ్యత యజమానిదే. మోడల్‌ నంబరుతో పాటు కింద ముద్రించిన హార్డ్‌వేర్‌ వెర్షన్‌ కూడా సరిపోలిన ఫైలునే వాడాలి. వైఫై ద్వారా కాక ల్యాన్‌ తీగతోనే ఎక్కించాలి. ఇంత శ్రమ ఎందుకని అప్‌డేట్లను వదిలేయడమూ ప్రమాదమే. తొలి పాస్‌వర్డ్‌ను మార్చకపోవడం మరీ ప్రమాదం. 2017 జులైలో దుష్ట సాఫ్ట్‌వేర్‌ దాడికి వేల సంఖ్యలో బీఎస్‌ఎన్‌ఎల్‌ మోడెంలు మూగబోయింది తొలి పాస్‌వర్డ్‌ మార్చకపోవడం వల్లనే.

బజారులో పాత కేబుల్‌ మోడెం కొని తగిలించినా, దాని మ్యాక్‌ చిరునామాను ఆపరేటర్‌ నమోదు చేసేదాకా సేవ మొదలు కాదు. కాబట్టి మొదటి ఫోను ఆపరేటర్‌కే చేయాలి. దీపాల తీరు, పవర్‌ అంకెలు, లాగ్‌లోని వాక్యం చెప్పి, డాకెట్‌ నంబరు అడిగి రాసుకోవాలి. ట్రాయ్‌ 2012 నిబంధనల ప్రకారం ఫిర్యాదుకు ఆ నంబరు ఇవ్వవలసిందే. పరిష్కారం దొరకకుంటే 30 రోజుల్లోగా సంస్థ అప్పిలేట్‌ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు.