యానాదుల న్యాయవాది

కళాశాలలు తమ పూర్వవిద్యార్థులను గౌరవించుట సత్సంప్రదాయమే. కాని ఎవరిని గౌరవింపవలెనన్న ప్రశ్నకు సాధారణముగా పదవియో ధనమో సమాధానము చెప్పుచున్నది. చదివిన చదువు ఎవరికి ఉపకరించినదని అడుగువారు అరుదు. ఆ ప్రశ్న వేసినచో నెల్లూరు మండలమున మాకు మొదట స్ఫురించు పేరు కీర్తిశేషులు వెన్నెలకంటి రాఘవయ్యగారిది.

1897లో జన్మించిన రాఘవయ్యగారు న్యాయశాస్త్రము నభ్యసించి నెల్లూరున న్యాయవాదులైరి, స్వాతంత్ర్యోద్యమమున పాల్గొనిరి. ఆ కాలమున న్యాయవాదికి భూతగాదాలకు గాని, వాని వలని రాబడికి గాని కొదువ లేదు. ఆయన మాత్రము రుసుము ఇచ్చుకొనలేని కక్షిదారును ఎన్నుకొనిరి. ఆ కక్షిదారు యానాది.

శ్రీహరికోట అడవులును, పులికాటు తీరమును యానాదులకు తరతరాల నివాసములు. తేనె తీయుట, చేపలు పట్టుట, మూలికల గుణమెరుగుట, పొలములలో ఎలుకలు పట్టుట, పంటలకు కాపుండుట వారి జీవనము. రైతు తన పంటకు కాపరిగా నమ్మిన మనిషినే సర్కారు దొంగగా వ్రాసికొన్నది. 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించిన నేరస్థజాతుల చట్టము కొన్ని ప్రాంతముల యానాదులనుగూడ చుట్టుకొన్నది. ఆ చట్టము క్రింద నమోదైనవారు పోలీసుల యెదుట హాజరు చెప్పుకొనవలెను. బిడ్డ పేరు బడి పట్టీలో ఎక్కుటకు ముందే తండ్రి పేరు ఠాణా పట్టీలో ఎక్కియుండెడిది.

రాఘవయ్యగారు యానాది సంఘము ద్వారా వారిని కూడగట్టి, ఈ కళంకము తొలగింపబడవలెనని పాటుపడిరి. మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను ఆ చట్టము రద్దయినది. అది ఒక్కరి విజయము కాదు. అనేకుల కృషి ఫలము. అయినను చట్టము పోయినంతనే చదువు రాదు. కూలి వెంట కుటుంబము కదలును, కుటుంబము వెంట పిల్లవాడు కదలును, బడి మాత్రము కదలదు. కనుకనే యానాది పిల్లలకు బడితోపాటు వసతియు అన్నమును కావలెను. రాఘవయ్యగారి సేవ ఈ మార్గముననే సాగినది. యానాదులనుగూర్చి, సంచారజాతులనుగూర్చి ఆయన గ్రంథములు వ్రాసిరి. 1973లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో సత్కరించినది. 1981లో ఆయన పరమపదించిరి.

“ఉపకారవేతనములున్నవి, వసతిగృహములున్నవి, వారే చదువుకొనరు” అని నేడు కొందరందురు. ఈ మాట మాకు సమ్మతము కాదు. రొయ్యల గుంటపై కాపలా యుండి, యజమాని యిచ్చిన బయానా తీరువరకు కదలలేని తండ్రి బిడ్డను ఏ బడికి పంపును? గుడిసెకు పట్టా లేనివాడు ధ్రువపత్రమునకై ఏ చిరునామా చూపును? లోపము బుద్ధిలో లేదు, దారిలో ఉన్నది.

కావున నెల్లూరు కళాశాలల పూర్వవిద్యార్థి సంఘములకు మా విన్నపమొకటి. రాఘవయ్యగారి పటమునకు పూలమాల వేయుడు, సంతోషమే. పిమ్మట ఒక్కొక్క సంఘము ఒక్కొక్క యానాది గూడెమును చేపట్టవలెను. బడులు తెరచు జూన్ మాసమున అచ్చటికి పోయి, ధ్రువపత్రములు లేనివారికి ఇప్పించి, పిల్లలను బడిలో చేర్పింపవలెను. సంక్రాంతినాటికి మరల పోయి, వారిలో ఎందరు నిలిచిరో లెక్క చూడవలెను. నిలువని పిల్లవాడు ఎందుకు నిలువలేదో వాని తల్లినే అడిగి తెలిసికొనవలెను.