ఖాళీపాత్రయు, బోల్టు బలమును

చమురుశుద్ధి కర్మాగారములందును, ఎరువుల కర్మాగారములందును అధిక పీడనమునకు లోనగు ఉక్కుపాత్రలు ఉండును. వాని మూతలను, గొట్టములను కలుపుచోట రెండు దళసరి ఉక్కు అంచులు ఎదురెదురుగా నిలుచును. వీనినే ఫ్లాంజిలందురు. రెంటి నడుమ ప్యాకింగు నుంచి, చుట్టును బోల్టులు బిగింతురు. ఆ అతుకు వదలినచో వేడి ఆవిరియో, మండెడి వాయువో వెలువడి, దాపున నున్న పనివాని ప్రాణమునకే ముప్పు తెచ్చును.

లోని పీడనము మూతను వెలుపలికి త్రోయును గనుక ఆ త్రోపునకు తాళు బోల్టు చాలునని మనకు తోచును. అది సగము సత్యము మాత్రమే. బోల్టు చేయవలసిన పనులు రెండు. పాత్ర ఖాళీగా నున్నప్పుడే ప్యాకింగును నొక్కి, ఫ్లాంజి ముఖములందలి సన్నని గాళ్లలో అది కూర్చుండునట్లు చేయుట మొదటిది. పీడనము వచ్చిన పిమ్మట మూతను ఆపుచు, ప్యాకింగుపై తగిన నొక్కుడును నిలుపుట రెండవది.

ఒక లెక్కను శ్రోతల ముందుంచుచున్నాము. ప్యాకింగు సగటు వ్యాసము 500 మిల్లీమీటర్లు, వెడల్పు 10 మిల్లీమీటర్లు. పీడనము చదరపు సెంటీమీటరునకు 10 కిలోలు. బోల్టులు 16 అనుకొందము. మూతపై త్రోపు సుమారు 19,600 కిలోలు. ప్యాకింగు లోహపు పట్టీని చుట్టలుగా చుట్టి చేసినదైనచో, దానిపై నొక్కుడు నిలుపుటకు మరి 4,700 కిలోలు. అనగా బోల్టునకు 1,520 కిలోలు. కాని అదే ప్యాకింగును మొదట కూర్చుండబెట్టుటకు 55,200 కిలోలు, బోల్టునకు 3,450 కిలోలు కావలెను. ఇచ్చట పీడనముకంటె ఖాళీపాత్రయే బోల్టును ఎక్కువ శ్రమపెట్టుచున్నది!

ఈ లెక్కకు ఆధారము అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘపు నియమావళి. 1905లో మసాచుసెట్సు రాష్ట్రమున బ్రాక్టను పట్టణపు పాదరక్షల కర్మాగారములో బాయిలరు ప్రేలి 58 మంది మరణించిరి. అట్టి విపత్తులే ఆ నియమావళికి ప్రేరకములు.

చదరపు సెంటీమీటరుపై పడు లాగుడునే ప్రతిబలమందురు. మేలైన మిశ్రమ ఉక్కు బోల్టునకు సుమారు 1,760 కిలోల ప్రతిబలమును ఆ నియమావళి అనుమతించును. కనుక మరచుట్ల లోతున మిగిలిన లోహము 1.96 చదరపు సెంటీమీటర్లు ఉండవలెను. 16 మిల్లీమీటర్ల బోల్టులో అది 1.44 మాత్రమే, 20 మిల్లీమీటర్ల బోల్టులో 2.25. పీడనమును మాత్రమే లెక్కించినవాడు 16 మిల్లీమీటర్ల బోల్టుతో తృప్తిపడును. అప్పుడు ప్యాకింగు కూర్చుండదు, లేదా బోల్టు మితిమీరి లాగబడును.

బిగించు చేతికిని బాధ్యత కలదు. స్పానరుతో చేతబిగించినప్పుడు అంగుళపు బోల్టులో 3,160 కిలోల ప్రతిబలము కలుగవచ్చును; అర అంగుళపు బోల్టులో అది 4,470 వరకు పోవచ్చును. కనుక బోల్టు సన్నమగుకొలది జాగ్రత్త హెచ్చవలెను. ఒక బోల్టు పిమ్మట దాని కెదుటి బోల్టును, కొంచెము కొంచెముగా పలుమారులు తిరిగి బిగింపవలెను. అతుకు కారుచున్నచో, ముందు పీడనమును దింపిన పిమ్మటనే స్పానరు పట్టవలెను.