రీస్టార్ట్ అంటే మొరాయిస్తోందా!

కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా అందరూ చెప్పే మొదటి మందు ఒక్కటే... 'ఓసారి రీస్టార్ట్ చేసి చూడండి!' ప్రింటర్ పలక్కపోయినా, నెట్ రాకపోయినా, మౌస్ బిగుసుకుపోయినా ఎదురింటి ఇంజినీరింగ్ కుర్రాడి దగ్గర్నుంచి కాల్‌సెంటర్ అమ్మాయి దాకా ఇదే మాట. మరి ఆ మందే వికటిస్తే? పొద్దున స్విచ్చి వేస్తే బుద్ధిగా లేచి, సాయంత్రం దాకా చక్కగా పనిచేసి, రీస్టార్ట్ నొక్కగానే చతికిలబడే కంప్యూటర్‌ని ఏం చేయాలి?

విడిభాగాలు కొనుక్కొచ్చి ఇంట్లోనే బిగించుకున్న అసెంబుల్డ్ కంప్యూటర్ అయితే ఈ తలనొప్పి రెట్టింపు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో నాలుగు కొట్లు తిరిగి, బేరమాడి, మదర్‌బోర్డు ఒకచోట, ర్యామ్ ఇంకోచోట కొంటారు. నాలుగు డబ్బులు మిగులుతాయి. కావాల్సిన సరుకే వస్తుంది. కానీ తేడా వచ్చిందంటే మదర్‌బోర్డు అమ్మినాయన తప్పు ర్యామ్‌దంటాడు. ర్యామ్ అమ్మినాయన ఎస్‌ఎంపీఎస్ వైపు వేలు చూపిస్తాడు. చివరికి అందరూ కలిసి నెపం విండోస్ మీదకు నెట్టి 'ఫార్మాట్ కొట్టేద్దాం సార్' అంటారు. ఆ ఒక్క మాటకి తలూపితే పిల్లాడి డిగ్రీ ప్రాజెక్టు, పదేళ్ల ఫొటోలు, లేని మనిషి గొంతు ఉన్న ఒకే ఒక్క వీడియో... అన్నీ తుడిచిపెట్టుకుపోవచ్చు. తీరాచేస్తే జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే అది విండోస్‌లో లేకపోవచ్చు!

నిజానికి 'రీస్టార్ట్ అప్పుడే చస్తోంది' అన్నది చిన్న ఫిర్యాదు కాదు. అందులోనే సగం రోగ నిర్ధారణ ఉంది.

ఆపి వేయడం వేరు...

కంప్యూటర్ ఆపి మళ్లీ వేయడమూ, రీస్టార్ట్ చేయడమూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. కాదు. షట్‌డౌన్ చేస్తే ఎస్‌ఎంపీఎస్ ప్రధాన కరెంటు ఆపేస్తుంది. ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్లు అన్నీ నిద్రపోతాయి. ప్లగ్గు తీయనంతసేపూ 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు మాత్రం మదర్‌బోర్డులో తిరుగుతూనే ఉంటుంది. ఆపేశాక కూడా కొన్ని బోర్డుల మీద చిన్న దీపం వెలుగుతుండేది అందుకే. అదే రీస్టార్ట్‌లో అయితే సాధారణంగా ప్రధాన కరెంటు కూడా ఆగదు. ప్రాసెసర్‌కీ మిగతా భాగాలకీ 'మళ్లీ మొదట్నుంచి మొదలెట్టండి' అని ఓ సంకేతం వెళ్తుంది, అంతే. నిద్రపోకుండా ముఖం మాత్రం కడుక్కుని మళ్లీ డ్యూటీ ఎక్కినట్టన్నమాట. ఏ నెట్‌వర్క్ కార్డో, యూఎస్‌బీ పరికరమో ఆ సంకేతాన్ని సరిగ్గా అందుకోకపోతే పాత స్థితిలోనే ఉండిపోయి మొత్తం బండినే ఆపేస్తుంది.

ఇక్కడ విండోస్ చేసే గారడీ ఇంకోటుంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అనే ఏర్పాటు మొదలైంది. షట్‌డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా ఆగదు. తన గుండెకాయలాంటి కెర్నల్‌నీ, డ్రైవర్ల స్థితినీ డిస్కులో దాచుకుని పడుకుంటుంది. మర్నాడు దాన్నే తిరిగి తెచ్చుకుంటుంది. అందుకే త్వరగా లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అలా కాదు, అన్నీ కొత్తగా లోడ్ కావాల్సిందే. అంటే రోజూ పొద్దున చక్కగా లేస్తున్నట్టు కనిపించే కంప్యూటర్ నిజానికి వారం రోజులుగా ఒక్కసారి కూడా మొదట్నుంచి లేచి ఉండకపోవచ్చు. చెడిపోయిన డ్రైవర్ ఏదైనా ఉంటే దాని బండారం రీస్టార్ట్ రోజునే బయటపడుతుంది.

దీన్ని తేల్చడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. కీబోర్డు మీద షిఫ్ట్ మీట నొక్కిపెట్టి షట్‌డౌన్ క్లిక్ చేస్తే ఫాస్ట్ స్టార్టప్ జోలికి పోకుండా పూర్తిగా ఆగుతుంది. ఆ తర్వాత స్విచ్చి వేసినప్పుడు కూడా అదే చోట కూలిందా... అనుమానం విండోస్ మీదకీ, డ్రైవర్ల మీదకీ వెళ్తుంది. అలా ఆపి వేస్తే హాయిగా లేచి, రీస్టార్ట్‌కి మాత్రమే పడిపోతోందా... అప్పుడు ముందుగా చూడాల్సింది ర్యామ్, బయాస్, కరెంటు వైపు.

తెర మీద రాసిందేమిటి?

కూలినప్పుడు నీలం తెర తళుక్కుమని మాయమవుతుంది, చదివేలోపే మళ్లీ మొదలవుతుంది. ఇది విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచీ ఉన్న అలవాటే. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో 'స్టార్టప్ అండ్ రికవరీ' కింద 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' దగ్గరున్న టిక్కు తీసేస్తే తెర నిలబడుతుంది, తీరిగ్గా ఫొటో తీసుకోవచ్చు. (2025లో విండోస్ 11 ఆ తెరని నీలం నుంచి నలుపుకి మార్చింది. రంగు మారిందే తప్ప అది మోసుకొచ్చే కబురు మారలేదు.)

ఆ తెర మీద 'డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్' అని ఉంటే దొంగ దాదాపు దొరికినట్టే. ఆగేటప్పుడో, లేచేటప్పుడో ఏదో డ్రైవర్ తన వంతు పని సకాలంలో ముగించలేదని అర్థం. వైఫై, గ్రాఫిక్స్, యూఎస్‌బీ డ్రైవర్లను తయారీదారు సైట్ నుంచి కొత్తవి తెచ్చి వేయాలి. కూలిన ప్రతిసారీ తెర మీద కొత్త సందేశమేదో వస్తుంటే మాత్రం అది డ్రైవర్ పని కాకపోవచ్చు. పొంతన లేని తప్పులు చేయించడం ర్యామ్ లక్షణం. ఏ సందేశమూ లేకుండా దీపం ఆరినట్టు చటుక్కున ఆగిపోతే కరెంటునీ, వేడినీ అనుమానించాలి. ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్ పవర్ 41' అన్న నమోదు చూసి ఎస్‌ఎంపీఎస్ పోయిందని కంగారుపడేవాళ్లున్నారు. దానర్థం 'గతసారి పద్ధతిగా ఆగలేదు' అని మాత్రమే. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

విండోస్‌ని పూర్తిగా పక్కనపెట్టి చూసే మార్గం కూడా ఉంది. స్విచ్చి వేయగానే బయాస్ సెటప్‌లోకి వెళ్లి అక్కణ్నుంచే 'ఎగ్జిట్' కొట్టి నాలుగైదుసార్లు రీస్టార్ట్ చేయాలి. అక్కడింకా విండోస్ గాలి కూడా సోకదు. అక్కడే బిగుసుకుపోతే విండోస్ నిర్దోషి. ఆ కంప్యూటర్‌ని వందసార్లు ఫార్మాట్ కొట్టినా ఫలితం సున్నా.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక పని. కంప్యూటర్ లేస్తున్నప్పుడే ఫొటోలూ ఫైళ్లూ వేరే డిస్కులోకి ఎక్కించేయాలి. డిస్కులో రాత సాగుతుండగా కంప్యూటర్ పదేపదే కూలితే ఆ ఫైళ్లకే ముప్పు. కొత్త విండోస్‌లో డిస్కుకి బిట్‌లాకర్ తాళం పడి ఉంటే బయాస్ మార్చాక రికవరీ కీ అడగొచ్చు. ఆ 48 అంకెలూ ముందే రాసి పెట్టుకోకపోతే సొంత ఇంటికి తాళం వేసి చెవి నూతిలో వేసుకున్నట్టే.

రబ్బరు వైద్యం

కంప్యూటర్ రిపేరు కొట్లలో ఓ చిట్కా ఉంది. ర్యామ్ స్టిక్ తీసి, దాని బంగారు పూత పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టడం. చూసేవాళ్లకి మూఢనమ్మకంలా ఉంటుంది కానీ అందులో విషయం ఉంది. పళ్ల మీద చేరిన మురికి, సన్నటి పొర పోయి కనెక్షన్ సరిగ్గా కుదురుతుంది. మరీ గట్టిగా రుద్దితే పూత పోతుంది. ప్లగ్గు తీయకుండా చేస్తే ర్యామే పోతుంది. రుద్దడం కన్నా చాలాసార్లు పనిచేసేది దాన్ని తీసి రెండు వైపులా 'టక్' మనేలా మళ్లీ నొక్కడమే.

నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండే స్టిక్కులుంటే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. వరసగా పక్కపక్కనే గుచ్చేయడం ఇంట్లో బిగించుకునేవాళ్లు తరచూ చేసే పొరపాటు. ఆ తర్వాతి అనుమానం వేగం. డీడీఆర్4 ర్యామ్ మీద 3600 అని రాసి ఉన్నా అది దాని సహజ వేగం కాదు. బయాస్‌లో 'ఎక్స్‌ఎంపీ' ప్రొఫైల్ వేస్తేనే ఆ వేగం వస్తుంది, వోల్టేజీ కూడా 1.2 నుంచి 1.35కి పెరుగుతుంది. కంప్యూటర్ లేచిన ప్రతిసారీ బోర్డు, ర్యామ్ ఒకదానితో ఒకటి లయ కుదుర్చుకోవాలి. అంచు మీద నడుస్తున్న వేగం అయితే ఒకసారి కుదురుతుంది, ఇంకోసారి కుదరదు. ఎక్స్‌ఎంపీ తీసేసి రెండు రోజులు వాడి చూస్తే సంగతి తేలిపోతుంది. ఎక్కువమంది ఇంత తేలికైన పని వదిలేసి కొత్త ర్యామ్ కొనేస్తారు!

డీడీఆర్5 వచ్చాక ఇంకో చిత్రం. ఏఎండీ 2022లో తెచ్చిన ఏఎం5 బోర్డుల్లో కొత్తగా ర్యామ్ పెట్టినప్పుడు ఈ లయ కుదర్చడానికే నిమిషాలు పడుతుంది. తెర నల్లగా ఉండిపోతే బోర్డు పోయిందనుకుని ప్లగ్గు లాగేసినవాళ్లు చాలామందే. ఈ ఆలస్యం తగ్గించడానికి పాత లెక్కల్నే మళ్లీ వాడుకునే 'మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్' అనే సెట్టింగ్ ఉంది. అది వేసి ఉండి కంప్యూటర్ నిలకడగా లేకపోతే దాన్ని ఆపి చూడాలి. బయాస్‌ని కొత్త వెర్షన్‌కి మార్చడం కూడా పనిచేస్తుంది. ఆ మార్చే ఐదు నిమిషాల్లో కరెంటు పోతే బోర్డు రాయిలా పడి ఉండే ప్రమాదం ఉంది కాబట్టి యూపీఎస్ ఉండాల్సిందే.

అప్పటికీ అనుమానం తీరకపోతే రాత్రి పడుకునే ముందు 'మెమ్‌టెస్ట్86 ప్లస్' అనే ఉచిత ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపించాలి. తెల్లారేసరికి ఒక్క తప్పు చూపించినా లోపం ఉన్నట్టే. స్టిక్కులు ఒక్కొక్కటిగా పెట్టి చూస్తే ఏది చెడిందో తెలుస్తుంది.

ఉబ్బిన డబ్బాల కథ

అసెంబుల్డ్ అంటే నాసిరకం, బ్రాండెడ్ అంటే భరోసా అనుకునేవాళ్లు ఒకసారి 2000ల తొలి సంవత్సరాలు గుర్తుచేసుకోవాలి. మదర్‌బోర్డు మీద చిన్న చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే కెపాసిటర్లు అప్పట్లో ప్రపంచమంతటా ఉబ్బి, పగిలి, గోధుమరంగు ద్రవం కార్చాయి. లోపలి ఎలక్ట్రోలైట్ ద్రవం మిశ్రమంలో లోపం వల్ల వాయువు పుట్టడమే కారణం. పెద్ద కంపెనీలూ తప్పించుకోలేదు. ఆ ఖర్చుల కింద డెల్ 2005లో 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది.

కెపాసిటర్ చేసేది నీళ్ల ట్యాంకు పని. కరెంటు అవసరం ఒక్కసారిగా పెరిగినప్పుడు ధార తగ్గకుండా చూస్తుంది. కంప్యూటర్ లేచే క్షణంలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా దాహం అంటాయి. ట్యాంకు ఎండిపోయి ఉంటే వోల్టేజీ తడబడుతుంది, బండి ఆగిపోతుంది. ఇప్పటి మదర్‌బోర్డుల మీద ఎక్కువగా ఘన పాలిమర్ రకం వాడుతున్నారు కాబట్టి అవి అలా ఉబ్బవు. కానీ ఎస్‌ఎంపీఎస్ లోపల ద్రవం ఉన్న రకం ఇంకా ఉంది. దానికి వేడి శత్రువు. పది డిగ్రీలు వేడి పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది ఇంజినీర్ల మోటు లెక్క. గోడకి ఆనించి, పైన గుడ్డ కప్పి, కింద దుమ్ము పేరుకున్న కేబినెట్ మన మే నెలలో ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఆ వెచ్చదనానికి బొద్దింకలూ చేరతాయి!

వేల రూపాయలు పోసి ప్రాసెసర్ కొని, ఎస్‌ఎంపీఎస్ దగ్గరికి వచ్చేసరికి కేబినెట్‌తో పాటు వచ్చినదాంతో సరిపెట్టుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే. లేబుల్ మీద రాసిన వాట్లన్నీ లోపల ఉండవు. స్నేహితుడి ఇంట్లోంచి మంచి ఎస్‌ఎంపీఎస్ ఒక్క పూట అరువు తెచ్చి బిగించి చూడటమే దీనికి సులువైన పరీక్ష. దాన్ని మాత్రం విప్పకూడదు. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది. కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందంటే ఇంటి ఎర్తింగ్ సరిగా లేదని అర్థం. అది కంప్యూటర్ మెకానిక్ పని కాదు, ఎలక్ట్రీషియన్ పని.

బిగించేటప్పుడు దొర్లిన తప్పులు ఆ తర్వాత చూడాలి. మదర్‌బోర్డు కింద ఇత్తడి స్టాండ్లు బోర్డు రంధ్రాలున్నచోటే ఉండాలి. ఒకటి ఎక్కువై బోర్డు వెనుక తగిలితే షార్ట్ అవుతుంది. ప్రాసెసర్ పక్కనుండే పవర్ వైరు సగమే దిగి ఉండొచ్చు. వెనకాల గుచ్చి మరిచిపోయిన పాత పెన్‌డ్రైవ్, ఎక్స్‌టర్నల్ డిస్కు వల్ల కూడా రీస్టార్ట్ అప్పుడు బయాస్ దగ్గర ఆగిపోతుంది. కీబోర్డు, మౌస్, మానిటర్ తప్ప అన్నీ పీకేసి చూడాలి.

ఒకేసారి ర్యామ్ మార్చి, డ్రైవర్ మార్చి, బయాస్ మార్చితే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి. ఒక్కసారి ఒక్కటే మార్చి, పదిసార్లు రీస్టార్ట్ చేసి, ఫలితం ఓ కాగితం మీద రాసుకోవాలి. చల్లగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు కూలింది, రెండు గంటలు ఆడాక ఎన్నిసార్లు కూలింది, తెర మీద ఏముంది... ఈ కాగితం, తెర ఫొటో, ఆ భాగం బిల్లు పట్టుకుని కొట్టుకి వెళ్తే సంభాషణ 'ఫార్మాట్' దగ్గర మొదలవదు. అసెంబుల్డ్ కంప్యూటర్‌లో వారంటీ విడివిడిగా ఒక్కో భాగానికీ ఉంటుంది. కేబినెట్ మొత్తం మోసుకెళ్లనక్కర్లేదు, తేలిన భాగం ఒక్కటి చాలు. హార్డ్‌డిస్కు మాత్రం ఇంట్లోనే ఉంచి వెళ్లడం మంచిది.