ఆలోచన ఊళ్లో, యంత్రం పట్నంలో
కొత్తగూడ సమీపంలోని ఉమ్మడి కార్ఖానా చేతివృత్తుల వారికి అందేనా?

(మా విలేకరి)

కొత్తగూడ: ఒకనాడు ఊరూరా ఒక కొలిమి ఉండేది. తొలకరికి ముందే రైతులు నాగలి కర్రులు పట్టుకుని అక్కడికి చేరేవారు. కర్రు సాగగొట్టించాలన్నా, కొడవలికి కక్కు పెట్టించాలన్నా, బండి చక్రానికి పట్టా వేయించాలన్నా అక్కడికే పోవాలి. కమ్మరి, వడ్రంగి ఒకరి పనికి ఒకరు ఆసరాగా ఉండేవారు. పనిముట్లు వారివే అయినా పని మాత్రం ఊరందరిదీ. ట్రాక్టర్లు వచ్చాక చాలా ఊళ్లలో ఆ కొలిములు చల్లారిపోయాయి. ఇంచుమించు అదే పద్ధతి ఇప్పుడు కోట్ల రూపాయల యంత్రాలతో పట్నంలో వెలసింది. దాని పేరు టీ-వర్క్స్.

రంగారెడ్డి జిల్లాలోని కొత్తగూడ కూడా ఒకప్పుడు పల్లెటూరే. ఆ పక్కనే మాదాపూర్‌లో 1992లో శిల్పారామం ఏర్పడింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఈ ప్రాంతం రూపురేఖలే మారిపోయాయి. 2023 జనవరి 1న కొత్తగూడ పైవంతెన కూడా తెరిచారు. ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని రాయదుర్గంలో, అద్దాల మేడల నడుమ టీ-వర్క్స్ భవనం ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వం లాభాపేక్ష లేని సంస్థగా దీనిని నెలకొల్పింది. 2023 మార్చి 2న ఫాక్స్‌కాన్ కంపెనీ చైర్మన్ యంగ్ లియు దీనిని ప్రారంభించారు. అప్పటి ఐటీ మంత్రి కె. తారకరామారావు ఆ కార్యక్రమంలో పాల్గొన్నారు. తొలిదశలో 78 వేల చదరపు అడుగుల స్థలంలో, సుమారు 110 కోట్ల రూపాయల విలువైన 200కు పైగా యంత్ర పరికరాలు అమర్చారు.

లోపల ఏమున్నది?

వడ్రంగానికి ఒక విభాగం, ఇనుప పనికి ఒకటి, వెల్డింగుకు ఒకటి, మట్టి పాత్రల పనికి ఒకటి, విద్యుత్ పలకల తయారీకి ఒకటి ఉన్నవి. ఒకే కప్పు కింద కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, ఎలక్ట్రీషియన్ కలిసి కూర్చున్నట్లే అనుకోవచ్చు. చదువుకున్న ఇంజనీరే రావాలని లేదు. బొమ్మలు చేసేవారు, మట్టి పని నేర్చుకోదలచినవారు, సొంతంగా ఒక వస్తువు తయారు చేయాలనుకునేవారు కూడా ఇలాంటి కార్ఖానాలకు వస్తారు.

ఇక్కడి యంత్రాల్లో మన వారికి వింతగా తోచేవి రెండు. ఒకటి త్రీడీ ప్రింటరు. ఇది ప్లాస్టిక్ తీగను కరిగించి, గోడ పెట్టేటప్పుడు వరుస మీద వరుస వేసినట్లుగా, పొర మీద పొర పేర్చి వస్తువును నిలబెడుతుంది. రెండవది లేజర్ కోత యంత్రం. కంప్యూటర్‌లో గీసిన గీత వెంట కాంతి కిరణం పోయి, చెక్కనైనా ప్లాస్టిక్ రేకునైనా కాల్చి కోస్తుంది. వడ్రంగి ఉలితో రోజంతా చెక్కే నగిషీని నిమిషాల్లో కోసిపెడుతుంది. అయితే ఆ నగిషీ ఎలా ఉండాలో చెప్పవలసింది మాత్రం మనిషే.

ఈ యంత్రాల వల్ల అసలు మేలు మరొకటి ఉన్నది. ఏదైనా వస్తువును వేల సంఖ్యలో తయారు చేయాలంటే ముందు అచ్చు చేయించాలి. అచ్చుకే లక్షలు పోయవలసి వస్తుంది. అది తయారయ్యాక లోపం బయటపడితే పెట్టిన సొమ్మంతా బూడిదలో పోసినట్లే. అందుకే ముందు తక్కువ ఖర్చుతో ఒక నమూనా చేసి, వాడి చూసి, దిద్దుకోవాలి. టీ-వర్క్స్ చేసే పని ఇదే. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇతర సంస్థలతో కలిసి తక్కువ ఖర్చు వెంటిలేటర్ నమూనా తయారు చేయగలిగారంటే ఇలాంటి ఏర్పాటు ఉండబట్టే.

ఏడేళ్ల తిప్పలు

ఇలాంటి చోటు లేని రోజుల్లో పల్లెవాసి పడ్డ అవస్థకు ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం జీవితమే సాక్ష్యం. పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు నూలును ఆసు పోయాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పని చేసి చేసి తల్లి లక్ష్మమ్మకు భుజం నొప్పి పట్టింది. ఆమె బాధ చూడలేక మల్లేశం 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టారు. చదువు అంతంతమాత్రం, చేతిలో డబ్బు లేదు. హైదరాబాద్ వచ్చి కూలికి కరెంటు పని చేస్తూ ఒక్కో భాగమే కూర్చుకున్నారు. 1999లో బాలానగర్‌లో వైరింగు పనికి వెళ్లినప్పుడు అక్కడి ఒక యంత్రం కదలికను చూడగానే, తనకు కొరుకుడుపడని చివరి చిక్కు విడిపోయింది. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టారు. 2017లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఏడేళ్లు పట్టింది తెలివి తక్కువై కాదు. పని చేసుకునే చోటు లేక, అడిగితే చెప్పేవారు లేక. ఎందరో మల్లేశాలు మధ్యలోనే ఆగిపోయి ఉంటారు.

దీనికి పక్కన గద్వాల జిల్లా ప్రభుత్వ పాఠశాల విద్యార్థిని అనుభవం చూడవచ్చు. మొక్కలు నాటేటప్పుడు పారేస్తున్న నల్లటి ప్లాస్టిక్ సంచులు చూసి, వాటికి బదులు పల్లీ పొట్టుతో కుండీలు చేయాలని ఆమెకు తోచింది. లెక్కల మాస్టారు తోడ్పడ్డారు. చేత్తో చేసిన కుండీలు ఎక్కువ సంఖ్యలో రావు. టీ-వర్క్స్ వారు ముందుకొచ్చి వాటిని ఒత్తే యంత్రం తయారు చేసి ఇచ్చారు. ఆలోచనకు ఆసరా దొరికితే ఎంత తేడా వస్తుందో ఈ రెండు ఉదాహరణలే చెబుతాయి.

దూరమే అడ్డంకి

అయితే ఊరికి, ఈ భవనానికి మధ్య దూరం కిలోమీటర్లలో మాత్రమే లేదు. కూలి మానుకుని రావాలి, బస్సు చార్జీ పెట్టుకోవాలి, బస చూసుకోవాలి. యంత్రాల పేర్లన్నీ ఇంగ్లీషు. కాపలా వాళ్లున్న అద్దాల తలుపు దాటి లోపలికి పోవడానికే మన కమ్మరికి, కుమ్మరికి బెరుకు.

ఈ దూరం తగ్గించడం అసాధ్యమేమీ కాదు. అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థ ఇలాంటి ఉమ్మడి కార్ఖానాల ఆలోచన చేసిన తొలిరోజుల్లోనే, 2002లో, మహారాష్ట్రలోని పుణె జిల్లా పాబల్ గ్రామంలో ఒకటి వెలసింది. అక్కడి విజ్ఞాన ఆశ్రమం దానిని నడుపుతున్నది. పాబల్‌లో సాధ్యమైనది మన మండల కేంద్రాల్లో ఎందుకు సాధ్యం కాదు? 2016 నుంచి కేంద్రం కొన్ని పాఠశాలలకు 20 లక్షల రూపాయల చొప్పున ఇచ్చి అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు పెట్టించింది. అవి ఉన్న చోట సెలవు రోజుల్లో ఊరి పనివారికి కూడా తలుపులు తెరిస్తే ఖర్చు లేకుండానే సగం పని జరుగుతుంది. అధికారులు, ప్రధానోపాధ్యాయులు ఈ విషయం ఆలోచించాలి.

వెళ్లదలచినవారికి

మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగినవారు మెట్రోలో అమీర్‌పేట వరకు వచ్చి, అక్కడ మారి రాయదుర్గం చేరుకోవచ్చు. వెళ్లే ముందు ఫోనులో సమయం, రుసుము కనుక్కోవడం మంచిది. కాగితంపై బొమ్మ గీసుకుని, అట్టతోనో కర్రతోనో చిన్న నమూనా చేసి తీసుకువెళ్తే మాటలు రాకపోయినా పని సులువవుతుంది.

మరొక జాగ్రత్త. పేటెంటుకు దరఖాస్తు పెట్టకముందే కొత్త యంత్రాన్ని పదిమందిలో ప్రదర్శిస్తే హక్కు పోయే ప్రమాదమున్నది. ఈ విషయంలో పల్లె ఆవిష్కర్తలకు అహమ్మదాబాద్ వద్దనున్న నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ తోడ్పడుతున్నది. మన దగ్గర విశ్రాంత బ్రిగేడియర్ పి. గణేశం 2005లో స్థాపించిన పల్లెసృజన సంస్థ వారు ఊరూరా తిరిగి ఇలాంటివారిని వెతుకుతున్నారు.

శిల్పారామంలో మట్టి బొమ్మల రూపంలో పల్లె వృత్తులను చూపించే గ్రామీణ మ్యూజియం ఉన్నది. చూడముచ్చటగానే ఉంటుంది. కాని మన కులవృత్తులు బొమ్మలుగా మాత్రమే మిగిలిపోకూడదంటే పనివాడి చేతికి కొత్త పనిముట్టు అందాలి. అది పట్నంలో ఒక్క చోట ఉంటే చాలదు.