రక్తం రాత్రిపూటే ఎందుకు తీస్తారు?

"పగలు తీసుకోకూడదా డాక్టరుగారూ?" బోదకాలు పరీక్ష అనగానే గవర్నర్‌పేట ఇళ్లలో మేము తరచు వినే మాట ఇది. ఇప్పుడు పగలు చేసే కార్డు పరీక్షలూ వచ్చాయి గానీ, ఆ ప్రశ్న మాత్రం సైన్సు చదివే పిల్లలు అడగవలసిందే.

1877లో చైనాలో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు, ఫైలేరియా పురుగు దోమలో ఎదుగుతుందని కనుగొన్నాడు. దాని పిల్లపురుగులు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి, రాత్రి చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. మురుగునీటిలో పుట్టే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రే. పురుగు దోమ వేళను పాటిస్తుందన్నమాట!

దీని మందు వెనుక మన తెలుగువాడున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆ బృందం డీఈసీ మందును ముందు ఎలుకల మీద, కుక్కల మీద పరీక్షించి 1947లో ఫలితాలు ప్రకటించింది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు.

అంత శ్రమతో వచ్చిన మాత్రను ఇంటికి తెచ్చి ఇస్తే, కొందరు తీసుకుని గూట్లో పెట్టేస్తారు. మింగాక జ్వరం వస్తుందని భయం. పురుగులు చనిపోతున్నందువల్ల వచ్చే జ్వరం అది, సాధారణంగా త్వరలోనే తగ్గుతుంది. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్రంగా జబ్బుపడినవారికి మాత్రం ఇవ్వరు.

ఇప్పటికే వాచిన కాలు మాత్రతో మామూలు కాదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా తుడిచి, పుండు కనిపిస్తే వెంటనే చూపించండి.