నడవని కారు కొనే ముందు

బేగంబజార్ అనగానే ఎండుఫలాలు, మసాలా దినుసులు, ఇత్తడి, స్టీలు పాత్రల టోకు దుకాణాలు గుర్తుకు వస్తాయి. రెండవ ఆసఫ్‌జా నిజాం అలీ ఖాన్ భార్య హుమ్దా బేగం ఈ నేలను వర్తకులకు ఇచ్చారని చెబుతారు. ఇక్కడ జీతానికి పనిచేసే యువకుడు సైతం ఏదో ఒకనాడు స్వంతంగా బేరం చేయాలని ఆశపడతాడు. పక్కనే గోషామహల్‌లో పాత వాహనాల తుక్కు, విడిభాగాలు దొరుకుతాయి. అందువల్లనే ఈ ప్రశ్న మా వద్దకు తరచుగా వస్తూ ఉంటుంది: "మౌలానా సాబ్, నడవని కారు ఒకటి చౌకగా వస్తోంది. బాగుచేయించి అమ్ముకోవచ్చునా?"

వర్తకం హలాల్. మూలనపడిన వస్తువును శ్రమతో పనికివచ్చేలా చేసి అమ్మడం మెచ్చదగిన పని. అయితే కొనే రోజునే అమ్మే రోజును తలచుకోవాలి. ఆ కారును గురించి మీకు తెలిసినదంతా చెప్పిన తర్వాత కూడా లాభం మిగిలేటట్లయితే కొనండి. ఏదో ఒక సంగతి దాచితేనే లాభం మిగులుతుందనిపిస్తే బయానా ఇవ్వకుండా తిరిగి రండి.

ఎందుకు ఆగిపోయింది?

బ్యాటరీ, స్టార్టర్, క్లచ్ ప్లేట్లు, ఇంధన పంపు వంటి లోపాలకు ఖర్చు ముందే లెక్కకు అందుతుంది. ఇంజను విప్పితే తప్ప తెలియని లోపానికి అందదు. ఇంజను ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీరు చేరిందని అర్థం. పొగగొట్టం నుండి నీలిపొగ వస్తే ఇంజనులో ఆయిల్ కాలుతోందని అర్థం. ప్రమాదంలో చట్రం వంగిన కారుకు ఎంత రంగు వేసినా ఆ వంపు దాగుతుందే గాని పోదు.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త అవసరమైనది వరదలో మునిగిన కారు విషయంలో. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుంభవృష్టికి ఫలక్‌నుమా సమీపంలోని అల్ జుబైల్ కాలనీతో సహా పాతనగరంలో ఎన్నో బస్తీలు జలమయమయ్యాయి. ఇళ్ల ముందున్న వాహనాలూ మునిగాయి. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే, పూర్తి బీమా ఉన్న కారును బీమా సంస్థలు పూర్తి నష్టంగా లెక్కిస్తాయి. అటువంటి కార్లు తుక్కు ధరకు చేతులు మారుతాయి. వాటిని కడిగి ఆరబెట్టినంత మాత్రాన సరిపోదు. వైర్ల కీళ్లలో, ఎయిర్‌బ్యాగు పరికరాల్లో తుప్పు నెలల తర్వాత బయటపడుతుంది. సీటు బెల్టును చివరి వరకూ లాగి చూడండి, తివాచీ ఎత్తి చూడండి. బురద చార తరచు అక్కడే మిగిలి ఉంటుంది.

కాగితాలు, లెక్కలు

ఛాసిస్, ఇంజను నంబర్లను ఆర్‌సీతో సరిచూడండి. బ్యాంకు అప్పు తీరినదీ లేనిదీ, చలానాలు మిగిలినదీ లేనిదీ విచారించండి. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలే చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో యాజమాన్య మార్పును తెలియజేయాలి. బదిలీ కాని కారు ప్రమాదానికి గురైతే రికార్డులో పేరున్న యజమానే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దీనినే వృత్తిగా చేసుకునేవారు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం డీలరుగా అనుమతి పత్రం తీసుకోవాలి.

ఇక ఖర్చు సంగతి. ఉదాహరణకు కారు 90 వేలకు వచ్చిందనుకుందాం. విడిభాగాలు, కూలీ 40 వేలు. లక్షా 50 వేలకు అమ్మితే 20 వేలు మిగిలినట్లు కనిపిస్తుంది. అందులో డెంటింగ్, పెయింటింగ్, టైర్లు, బీమా, షెడ్డు అద్దె, దలాలీ కలిపి 18 వేలైతే, రెండు నెలల శ్రమకు మిగిలేది 2 వేలు. తోపుడుబండి నిలపడానికే చోటులేని బేగంబజార్ సందుల్లో నడవని కారును ఎన్నాళ్లు ఉంచగలరు? కారు నిలిచిన ప్రతి రోజూ ఖర్చే.

పెట్టుబడి ఎక్కడిదన్నది ఇంకా పెద్ద ప్రశ్న. వడ్డీకి తెచ్చిన సొమ్ముతో మొదలైన బేరంలో శుభం ఉండదు. భార్య నగలు ఆమె సొత్తు. ఆమె మనస్ఫూర్తిగా అంగీకరించనిదే వాటిపై చేయి వేసే హక్కు భర్తకు లేదు. ఒకరు సొమ్ము, మరొకరు శ్రమ పెట్టే ముదారబా పద్ధతి మెరుగైనది. అందులో లాభం ముందుగా అనుకున్న వంతుల ప్రకారం పంచుకుంటారు. పనిచేసినవాడి తప్పు లేకుండా నష్టం వస్తే అది సొమ్ముపై పడుతుంది, అతడు తన శ్రమను కోల్పోతాడు. ఈ షరతులు ముందే వ్రాసుకుంటే అన్నదమ్ముల మధ్య, బావమరుదుల మధ్య మనస్పర్థలు రావు.

ఒంటె కాలిలోని గాయం

హజ్రత్ వాసిలా బిన్ అస్ఖా (రజి) ఇంటి వద్ద ఒక వ్యక్తి ఒంటెను కొన్నాడు. అతడు దానిని తోలుకుపోతుండగా ఆయన హడావుడిగా వెంట వచ్చి, దాని లోపం నీకు చెప్పారా అని అడిగారు. ఒంటె బలిసి ఆరోగ్యంగానే కనిపిస్తోందని అతడు బదులిచ్చాడు. ప్రయాణానికా, మాంసానికా అని ఆయన మళ్లీ అడిగారు. హజ్ ప్రయాణానికని తెలియగానే, దాని పాదంలో గాయం ఉన్నదని చెప్పారు. బేరం చెడగొడుతున్నారని అమ్మినవాడు నొచ్చుకున్నాడు. అప్పుడు ఆయన, లోపం చెప్పకుండా అమ్మడం ధర్మసమ్మతం కాదనీ, తెలిసినవాడు మౌనంగా ఉండటమూ తగదనీ దైవప్రవక్త (స) బోధించిన విషయాన్ని వినిపించారు.

మాంసానికైతే ఆ గాయం లెక్కలోకి రాదు, దూరప్రయాణానికి అదే ప్రాణం మీదికి తెస్తుంది. కారు విషయమూ ఇంతే. విడిభాగాల కోసం కొనేవాడికి వంగిన చట్రంతో పనిలేదు. అదే కారులో భార్యాబిడ్డలను కూర్చోబెట్టుకుని ఊరికి వెళ్లే తండ్రికి ఆ సంగతి తెలియాలి. "ఉన్నది ఉన్నట్లే" అనే షరతుపై అమ్మితే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఒప్పందం చెల్లవచ్చు గాని, తెలిసిన లోపాన్ని దాచిన పాపం ఆ షరతుతో తొలగిపోదు.

కాబట్టి నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లండి. మార్చిన ప్రతి భాగం రశీదునూ భద్రపరచి కొనేవారి చేతికివ్వండి. మిగిలిన లోపాలను కాగితంపై వ్రాసి ఇవ్వండి. ధర కొంత తగ్గినా ఆ కాగితం మీకు మంచి పేరు తెస్తుంది. ఇన్ని చెప్పి అమ్మలేనని ముందే అనిపిస్తే, ఆ కారు ఎంత చౌకగా వచ్చినా దానిని అక్కడే వదిలివేయండి. అల్లాహ్ మన సంపాదనలో శుభాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.